ఐదు తూటాల బుల్లి రివాల్వర్: అమెరికా జేబులోంచి అది ఎందుకు పోలేదు?

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మా బాబాయి కొడుకు ఒకడు డాలస్ దగ్గర ఉంటాడు. గ్రీన్ కార్డ్ వచ్చి రెండేళ్లయింది. రాత్రి షిఫ్టులు చేస్తాడు, పార్కింగ్ లాట్‌లో కారు దాకా ఒక్కడే నడుచుకుంటూ వెళ్తాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, నువ్వు హిస్టరీ చెప్తావు కదా, ఒకటి చెప్పు. ఇక్కడ షాపులో ఐదు బుల్లెట్ల రివాల్వర్ చూపించారు, పక్కనే పదకొండు బుల్లెట్ల పిస్టల్ చూపించారు. రెండూ ఇంచుమించు ఒకే సైజు. మరి ఐదు బుల్లెట్లది ఇంకా ఎవడు కొంటాడన్నా?" అన్నాడు.

మంచి ప్రశ్న అది. ఎందుకంటే లెక్క ప్రకారం ఆ రివాల్వర్ ఎప్పుడో మ్యూజియంకి వెళ్లిపోవాలి. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో తెలియాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ఒక చిన్న విషయం క్లియర్ చేసుకుందాం. మన సినిమాల్లో రివాల్వర్, పిస్టల్, గన్ అన్నీ ఒకటే. హీరో చేతిలో ఆరు గుళ్ల రివాల్వర్ ఉంటుంది, పద్నాలుగు సార్లు పేలుతుంది, ఎవరూ అడగరు. అసలు తేడా ఏంటంటే, రివాల్వర్‌లో మధ్యలో గుండ్రంగా తిరిగే సిలిండర్ ఉంటుంది. దానికి ఐదో ఆరో గదులు. మీరు ట్రిగ్గర్ లాగితే మీ వేలి బలంతోనే సిలిండర్ తిరిగి, తర్వాతి తూటా బ్యారెల్ ఎదురుగా వస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో అలా కాదు. తూటాలు పిడిలోపల మ్యాగజైన్‌లో స్ప్రింగ్ మీద నిలబడి ఉంటాయి. ఒక తూటా పేలితే ఆ విసురుకి పైన ఉన్న స్లైడ్ వెనక్కి వెళ్లి, ఖాళీ గొట్టాన్ని బయటికి తోసి, ముందుకొస్తూ కొత్త తూటాని లోపలికి ఎక్కిస్తుంది. అంటే అక్కడ పని చేసేది మీ వేలు కాదు, పేలిన తూటా. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

జేబులో పట్టే పెద్ద దెబ్బ తుపాకీ అనే ఐడియా అమెరికాది కాదు, ఇంగ్లాండ్‌ది. 1872లో వెబ్లీ కంపెనీ "బ్రిటిష్ బుల్‌డాగ్" అని ఒకటి తెచ్చింది. పొట్టి బ్యారెల్, ఐదు తూటాలు, లావుపాటి గుండు. కోటు జేబులో పట్టేస్తుంది. బెల్జియంలో, అమెరికాలో దానికి నకళ్లు లెక్కలేనన్ని వచ్చాయి. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో చార్ల్స్ గిటో అనేవాడు ప్రెసిడెంట్ గార్ఫీల్డ్‌ని కాల్చింది బుల్‌డాగ్ రకం రివాల్వర్‌తోనే. (గార్ఫీల్డ్ వెంటనే చనిపోలేదు. 79 రోజులు బతికాడు. డాక్టర్లు కడగని వేళ్లు గాయంలో పెట్టి కెలకడం వల్లే ప్రాణం పోయిందని చాలామంది చరిత్రకారులు అంటారు. అది వేరే ఎపిసోడ్.)

ఇరవై ఏళ్ల తర్వాత, 1901 సెప్టెంబర్ 6న, బఫెలోలో ప్రెసిడెంట్ మెకిన్లీ జనంతో చేతులు కలుపుతున్నాడు. లియోన్ చోల్‌గోష్ లైన్లో నిలబడ్డాడు. కుడి చేతికి రుమాలు చుట్టుకున్నాడు, చూసినవాళ్లు దెబ్బ తగిలి కట్టు కట్టుకున్నాడు అనుకున్నారు. ఆ రుమాలు కింద .32 ఐవర్ జాన్సన్ రివాల్వర్. రెండు సార్లు కాల్చాడు. రుమాలు కింద దాచి, గుడ్డలోంచే కాల్చాడు చూడండి, అదే ఈ రకం తుపాకీ స్వభావం. బయటికి కదిలే స్లైడ్ లేదు, గుడ్డలో ఇరుక్కునే భాగాలు తక్కువ. దాన్ని మంచికి వాడారా చెడుకి వాడారా అన్నది తర్వాత సంగతి.

అప్పటికి సెమీ ఆటోమేటిక్‌లు లేవా అంటే, వచ్చేశాయి. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ మేధావి బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ కోసం 1900 నుంచే చిన్న చిన్న పిస్టళ్లు డిజైన్ చేశాడు. 1914లో సరాయెవోలో గవ్రిలో ప్రిన్సిప్ చేతిలో ఉన్నది ఎఫ్ఎన్ 1910 మోడల్. మన దగ్గరికొస్తే, 1948 జనవరి 30న గాంధీజీని చంపింది ఇటలీలో తయారైన బెరెట్టా, అదీ సెమీ ఆటోమేటిక్కే. యూరప్ అంతా వీటి వైపు వెళ్లిపోయింది. పోలీసులు కూడా.

అమెరికా మాత్రం వెళ్లలేదు. దాదాపు డెబ్భై ఏళ్లు వెళ్లలేదు. దానికి కారణం మొండితనం ఒక్కటే అనుకోకండి.

జేబులో పట్టే పిస్టళ్లు .25, .32 లాంటి చిన్న తూటాలతో ఉండేవి, మహా అయితే .380. అమెరికన్ పోలీసులు అప్పటికే .38 స్పెషల్ అనే గట్టి తూటాకి అలవాటు పడ్డారు. అంత పొడవు తూటాని పిస్టల్ పిడిలో పెట్టి జేబు సైజు చేయడం ఆ రోజుల్లో కుదరలేదు. రివాల్వర్‌లో కుదిరింది, బ్యారెల్ కోసేస్తే చాలు!

నిజంగానే కోసేశారు. కోల్ట్ కంపెనీలో జాన్ హెన్రీ ఫిట్జ్‌గెరాల్డ్ అని ఒకాయన ఉండేవాడు, అందరూ "ఫిట్జ్" అనేవారు. 1920ల్లో ఆయన పెద్ద రివాల్వర్లని తీసుకుని బ్యారెల్‌ని రెండంగుళాలకి కోసి, జేబులో తట్టుకునే హ్యామర్ కొమ్ముని నరికేసి, పిడి మూలలు గుండ్రంగా చేసి, ఆఖరికి ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీ ముందు భాగం కూడా తీసేశాడు, వేలు త్వరగా పడాలని. ఆయన ప్యాంటు రెండు జేబుల్లోనూ రెండు పెట్టుకు తిరిగేవాడు. ఆ కడ్డీ తీసేయడం మాత్రం పిచ్చి పనే అని నా అభిప్రాయం. జేబులో ట్రిగ్గర్ బయటికి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కంపెనీ కూడా దాన్ని తీసుకోలేదు. పొట్టి బ్యారెల్ ఆలోచన తీసుకుని 1927లో "డిటెక్టివ్ స్పెషల్" అని రెండంగుళాల బ్యారెల్‌తో, ఆరు తూటాలతో మార్కెట్లోకి వదిలింది. యూనిఫాం లేకుండా తిరిగే డిటెక్టివ్‌కి కోటు కింద కనపడకూడదు కదా, ఆ పేరు అందుకే.

స్మిత్ అండ్ వెస్సన్ ఊరుకుంటుందా? వాళ్లకి ఈ విషయంలో పాత చరిత్రే ఉంది. 1887లోనే హ్యామర్ బయటికి కనపడని ఒక చిన్న రివాల్వర్ చేశారు. పిడి వెనక ఒక మీట ఉంటుంది, చెయ్యి గట్టిగా బిగిస్తేనే అది పేలుతుంది. చిన్నపిల్లల చేతులకి అంత బలం ఉండదని దాని ఉద్దేశం. ఒక పిల్లవాడు తుపాకీతో ఆడుకుంటూ గాయపడ్డాడని విని కంపెనీ ఓనర్ డేనియల్ వెస్సన్ కదిలిపోయి చేయించాడని ఒక కథ చెప్తారు. కథ నిజమైనా కాకపోయినా, ఆ మీట మాత్రం నిజం. అది పట్టి నొక్కుతారు కాబట్టి జనం దానికి "నిమ్మకాయ పిండేది" అని పేరు పెట్టారు.

1950లో అదే కంపెనీ కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన పోలీస్ చీఫ్‌ల మహాసభకి ఒక కొత్త బుల్లి రివాల్వర్ తెచ్చి, పేరు మీరే పెట్టండి అంది. చీఫ్‌లు ఓటేసి "చీఫ్స్ స్పెషల్" అన్నారు. కోల్ట్‌కి ఆరు తూటాలైతే దీనికి ఐదే. ఒక తూటా తగ్గిస్తే సిలిండర్ సన్నబడుతుంది, నడుం దగ్గర ఉబ్బు తగ్గుతుంది. అంటే కస్టమర్లు ఒక తూటా ఇచ్చి, కొన్ని మిల్లీమీటర్లు కొనుక్కున్నారన్నమాట. 1952లో హ్యామర్ పూర్తిగా లోపలే ఉండే "సెంటెనియల్", 1955లో హ్యామర్‌కి రెండు వైపులా గోడలు కట్టిన "బాడీగార్డ్" వచ్చాయి. ఇవాళ మా తమ్ముడికి షాపులో చూపించింది ఆ సెంటెనియల్ మనవడే.

ఇక డాలస్ అన్నాం కాబట్టి అది చెప్పకుండా ముందుకెళ్లలేం. ఇప్పుడు మన తెలుగువాళ్లు అన్ని పండగలూ చేసుకునే ఊరు. 1963 నవంబర్ 24న ఆ ఊరి పోలీస్ ఆఫీసు బేస్‌మెంట్‌లో, టీవీ కెమెరాల ముందు, జాక్ రూబీ అనే నైట్ క్లబ్ ఓనర్ జనంలోంచి దూకి, కెనెడీ హత్య కేసు నిందితుడు ఆస్వాల్డ్‌ని ఒక్క గుండుతో కాల్చాడు. చుట్టూ పోలీసులే. అతని చేతిలో ఉన్నది కోల్ట్ కోబ్రా, అంటే డిటెక్టివ్ స్పెషల్‌నే అల్యూమినియం ఫ్రేమ్‌తో తేలిక చేసింది. క్లబ్ డబ్బులు దగ్గర పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి రివాల్వర్ కూడా దగ్గర ఉంచుకునేవాడు. రాబర్ట్ జాక్సన్ తీసిన ఆ క్షణం ఫోటోకి పులిట్జర్ వచ్చింది. ఆ ఫోటో మీరు కచ్చితంగా చూసే ఉంటారు. ఆత్మరక్షణకి అని జేబులో పెట్టుకున్న వస్తువు ఒక్క ఆవేశంలో ఏం చేస్తుందో ఆ ఫోటోలో ఉంది.

ఇప్పుడు అసలు మలుపు. 1986 ఏప్రిల్ 11, మయామి.

బ్యాంకులు, క్యాష్ వ్యాన్లు దోచుకుంటున్న ఇద్దరి కోసం ఎఫ్‌బీఐ ఏజెంట్లు వెతుకుతున్నారు. పేర్లు మైకేల్ ప్లాట్, విలియం మాటిక్స్. కారు కనపడింది, వెంటపడ్డారు, గుద్ది ఆపారు. ఎనిమిది మంది ఏజెంట్లు, ఇద్దరు దొంగలు. ఐదు నిమిషాలు కూడా పట్టని ఆ కాల్పుల్లో జెర్రీ డవ్, బెంజమిన్ గ్రోగన్ అనే ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ప్లాట్ చేతిలో రైఫిల్ ఉంది, ఏజెంట్లలో ఎక్కువమంది దగ్గర రివాల్వర్లు, ముగ్గురి దగ్గర 9 ఎంఎం పిస్టళ్లు.

ఆ రోజు తర్వాత "రివాల్వర్ వల్లే ఓడిపోయాం" అన్న మాట దేశమంతా పాకింది. కానీ దగ్గరికెళ్లి చూస్తే ఏముంది? గోర్డన్ మెక్‌నీల్ ఆరు తూటాలూ కాల్చేశాడు. చేతికి గాయమైంది, మళ్లీ నింపలేకపోయాడు. జాన్ హాన్లన్ పెద్ద రివాల్వర్ కారు గుద్దుకున్నప్పుడే ఎక్కడో పడిపోయింది. అతను రెండో ఆయుధం తీశాడు, అది మనం చెప్పుకుంటున్న ఐదు తూటాల చీఫ్స్ స్పెషలే. అవి అయిపోయి మళ్లీ నింపుకుంటుంటే చేతికే గుండు తగిలింది. ఇంతవరకూ రివాల్వర్ మీద కేసు పక్కా. మరి డవ్ చేతిలో పిస్టల్? దానికి ప్లాట్ కాల్చిన గుండు తగిలి అది ఆగిపోయింది. గ్రోగన్ కళ్లద్దాలు గుద్దుకున్నప్పుడే పోయాయి. చివరికి ఆ పోరాటాన్ని ముగించింది ఎవరు? ఎడ్ముండో మిరెలిస్. ఒక చెయ్యి రైఫిల్ గుండుకి ఛిద్రమైపోయింది. ఒంటి చేత్తో షాట్‌గన్ నింపుకుంటూ కాల్చాడు, అదీ అయిపోయాక లేచి, నడుచుకుంటూ దొంగలు ఎక్కిన కారు దగ్గరికి వెళ్లి, ఆరు సార్లు కాల్చాడు. రివాల్వర్‌తో.

ఎఫ్‌బీఐ తర్వాత తేల్చింది కూడా, తప్పు ఎక్కువగా తూటాదని. డవ్ కాల్చిన 9 ఎంఎం గుండు ఒకటి ప్లాట్‌కి మొదట్లోనే తగిలింది, అది గుండెకి కాస్త ఇవతల ఆగిపోయింది. దాంతో వాళ్లు కొత్త తూటాలు వెతికారు, ఏజెంట్లందరినీ పిస్టళ్ల వైపు మార్చారు. ఒకే సంఘటన, రెండు వర్గాలూ ఈరోజుకీ తమ తమ సాక్ష్యంగా చూపించుకుంటాయి.

అదే ఏడాది జూన్ 28న న్యూయార్క్ క్వీన్స్‌లో స్కాట్ గాడెల్ అనే పోలీస్, ఇరవై రెండేళ్లవాడు, ఆరు తూటాలు అయిపోయి రివాల్వర్ నింపుకుంటుండగా హతమయ్యాడు. ఎదుటివాడి చేతిలో 9 ఎంఎం. దీనికి మాత్రం రెండో కోణం లేదు. ఆ ఊళ్లో చాలామంది పోలీసులు రెండో రివాల్వర్ కూడా పెట్టుకునేవారు. మొదటిది ఖాళీ అయితే నింపరు, రెండోది తీస్తారు. దానికి "న్యూయార్క్ రీలోడ్" అని పేరే పడిపోయింది.

1993లో న్యూయార్క్ పోలీసులకి 9 ఎంఎం పిస్టళ్లకి పర్మిషన్ వచ్చింది. ఇక్కడ ఒక తమాషా చూడండి. ఆస్ట్రియాలో 1980ల మొదట్లో పుట్టిన గ్లాక్ పిస్టల్ ట్రిగ్గర్ ఐదున్నర పౌండ్ల బలంతో లాగితే పేలుతుంది. రివాల్వర్‌ది పది, పన్నెండు పౌండ్లు, పైగా పొడుగ్గా లాగాలి. వాషింగ్టన్ డీసీ పోలీసులు గ్లాక్‌కి మారాక అనుకోకుండా పేలిన ఘటనలు పెద్ద వార్తలయ్యాయి. న్యూయార్క్ వాళ్లైతే తమ గ్లాక్‌లకి పన్నెండు పౌండ్ల గట్టి ట్రిగ్గర్ పెట్టించుకున్నారు. పిస్టల్ కొనుక్కుని, రివాల్వర్ ట్రిగ్గర్ కావాలన్నారు! అలవాటు ఉన్న పాత పోలీసులు కొందరు రివాల్వర్లే ఉంచుకున్నారు. వాటిని పూర్తిగా ఆపేసింది 2018 ఆగస్టు చివర్లో.

ఇదంతా పోలీసుల కథ. మామూలు జనం కథ 1987లో మారింది. ఫ్లోరిడా ఆ ఏడాది, అర్హత ఉన్నవాళ్లు అడిగితే దాచుకుని తిరిగే పర్మిట్ ఇవ్వాల్సిందే అని చట్టం చేసింది. ఒక్కో రాష్ట్రం అదే బాట పట్టింది. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిట్ కూడా అక్కర్లేదు. ఈ కొత్త కస్టమర్ పోలీస్ కాదు. ఆఫీసుకెళ్లే మనిషి, టీషర్టు వేసుకుంటాడు, వారానికోసారి ప్రాక్టీస్ చేయడు. 1994లో పది తూటాలకి మించిన కొత్త మ్యాగజైన్లు జనానికి అమ్మకూడదని కేంద్రం చట్టం చేసింది, అది 2004 దాకా ఉంది. దాంతో కంపెనీలు, పదే అయినప్పుడు తుపాకీనే చిన్నది చేద్దాం అనుకున్నాయి. అలా అలా 2018లో సిగ్ పీ365 వచ్చింది, అరచేతి సైజులో పది ప్లస్ ఒకటి. మా తమ్ముడికి చూపించిన రెండోది ఆ జాతిదే.

మరి రివాల్వర్ ఎందుకు మిగిలింది? అదే పాత కారణం, ఎవరి శక్తితో నడుస్తుంది అన్నది. తూటా తుస్సుమంటే రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ లాగితే చాలు, తర్వాతిది వస్తుంది. పిస్టల్‌లో రెండు చేతులూ కావాలి, స్లైడ్ లాగాలి, అదీ చేతులు వణుకుతున్నప్పుడు. చిన్న పిస్టల్‌ని మణికట్టు బిగించకుండా పట్టుకుంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లకుండా ఇరుక్కోవచ్చు. మీద పడ్డ మనిషి ఒంటికి ఆనించి నొక్కితే స్లైడ్ కాస్త వెనక్కి జరిగి అసలు పేలకపోవచ్చు. ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకి స్లైడ్ లాగడమే కష్టం. ఇవేవీ రివాల్వర్‌కి సమస్యలు కావు.

కానీ షాపువాళ్లు చెప్పని సంగతి, ఈ చిన్న రివాల్వర్ కొత్తవాళ్లకి కాదు. నాలుగు వందల గ్రాముల చిల్లర బరువున్న దాంట్లో .38 పేలిస్తే చెయ్యి జలదరిస్తుంది. బ్యారెల్ రెండంగుళాలు కూడా ఉండదు, గురి చూసుకునే గాడి పేరుకే. ట్రిగ్గర్ బరువుకి గురి పక్కకి పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, "చిన్నది కదా, సులువు" అని ఇదే అంటగట్టడం ఎన్నో ఏళ్లుగా జరుగుతున్న పొరపాటు. ఇంకోటి, రివాల్వర్ ఎప్పుడూ చెడిపోదు అన్నది సగం నిజమే. పిస్టల్ ఇరుక్కుంటే రెండు సెకన్లలో సరిచేయొచ్చు. రివాల్వర్ లోపల బిగుసుకుపోతే అక్కడికక్కడ ఏమీ చేయలేరు.

మన దేశంలో కూడా దీని ఛాయ ఉంది. మన చట్టంలో 9 ఎంఎం మామూలు జనానికి నిషేధం, అందుకే లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర .32 ఎక్కువ. 2014 జనవరిలో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ "నిర్భీక్" అని అరకిలో బరువున్న .32 రివాల్వర్ తెచ్చింది. నిర్భయ పేరు తలపించేలా, ఆడవాళ్ల కోసం అని. ధర లక్షా ఇరవై వేల పైన. అప్పుడు చాలామంది మహిళా కార్యకర్తలు తిట్టిపోశారు, బస్సుల్లో భద్రత అడిగితే లక్ష రూపాయల తుపాకీ చూపిస్తారా అని. నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది.

అమెరికాలో చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. స్టూడెంట్ వీసా, హెచ్-1బీ లాంటివాటి మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి కానీ, ఫ్రెండ్ దగ్గర తీసుకుని కారులో పెట్టుకుందాం లాంటి ఆలోచన అసలు వద్దు. పోయేది వీసా ఒక్కటే కాదు.

ఇక మా తమ్ముడి సంగతి. ఇద్దరూ రేంజ్‌కి వెళ్లారు, వాడూ మా మరదలూ. రివాల్వర్‌తో ఐదు కాల్చేసరికి వాడి బొటనవేలు దగ్గర ఎర్రగా కందింది, కాగితం మీద పడినవి రెండే. పిస్టల్‌తో దాదాపు అన్నీ పడ్డాయి. వాడు పిస్టల్ తీసుకుందామని ఉషారుగా ఉంటే, మా మరదలు కౌంటర్ దగ్గర ఒకటే అడిగిందట, "మా పాపకి నాలుగేళ్లు. దాని చేతికి దొరికితే ఈ రెంట్లో ఏది పేలదు?" అని. షాపాయన కాసేపు ఆలోచించి, రివాల్వర్ ట్రిగ్గర్ గట్టిది కానీ, రెండూ పేలతాయి మేడమ్ అన్నాడట. అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే అని కూడా ఆమె ఎక్కడో చదివింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "బావగారూ, మీరైనా చెప్పండి" అంది. నేను ఇప్పుడు మీకు చెప్పిందంతా ఆమెకీ చెప్పాను.

ఆ రోజు వాళ్లు కొన్నది ఒక స్టీల్ లాక్ బాక్స్ మాత్రమే. అది ఇంకా ఖాళీగానే ఉంది. వాడు మేనేజర్‌ని అడిగి పగటి షిఫ్టుకి ట్రై చేస్తున్నాడు. ఏదైనా తేలితే చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో ఆ గార్ఫీల్డ్ డాక్టర్ల కథ చెప్పుకుందాం. ఉంటాను మరి.